పైమట్టి

నా వ్యాపారంలో నేను నేర్చుకున్నది ఒకటే పని: గంపలో చెయ్యి అడుగుదాకా దించడం. నిమ్మకాయలు తెచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, మెరిసే కాయలు పైన పేరుస్తాడు. నలిగినవి, మచ్చపడ్డవి, తొడిమ ఊడినవి అడుగున సర్దుతాడు. దీన్ని నేను మోసం అనను. ఇంటికి చుట్టాలొస్తే చిరిగిన దుప్పటి మీద మంచి దుప్పటి పరుస్తాం చూడండి, అలాంటిదే. కానీ పైకాయ చూసి ధర చెప్పేవాడు మండీలో ఎక్కువకాలం నిలవడు. నేను మోచేతిదాకా దించి వేళ్ళతో తడుముతాను. అడుగుకాయ ఎలా ఉందో ఆ గంప విలువ అంతే.

మా బావ గంపల్లో మాత్రం చెయ్యి పెట్టేవాణ్ణి కాదు. అక్క మొగుడన్న మొహమాటం వల్ల కాదు. బేరం దగ్గర నాకు తోబుట్టువులు కూడా ఉండరని మా అక్క కనబడినవాళ్ళందరికీ చెబుతూనే ఉంటుంది. బావ కాయ పైనుంచి అడుగుదాకా ఒక్క తీరుగా ఉండేది, అదీ సంగతి.

నిమ్మకి గజ్జి తెగులని ఒకటుంది. అది తగిలితే తొక్క మీద గరుకు మచ్చలు లేస్తాయి. లోపల రసానికి ఏ లోటూ రాదు. కానీ కొనేవాడు రసం చూడడు, తొక్క చూస్తాడు. అందుకని బావ మైలుతుత్తం, సున్నం కలిపిన నీలిమందు కొట్టేవాడు. వానకి ముందొకసారి, వాన వెలిశాక మరోసారి, చిగురు వేస్తే ఒకసారి, ఊరికే అనుమానం వస్తే ఇంకోసారి. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆయన గోళ్ళు నీలంగానే ఉన్నాయి. మండీలో ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. "నీలిగోళ్ళాయన సరుకు దిగింది" అంటే చాలు, కొనేవాళ్ళు చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి లేచేవాళ్ళు.

మందు కలపడంలో ఆయనకొక పద్ధతి ఉంది. కలిపిన తొట్టిలో ఇనప కత్తి ముంచి, పైకి తీసి, ఎండలో తిప్పి చూసేవాడు. కత్తి మీద ఎర్రటి పూత కనబడితే సున్నం చాలలేదన్నమాట. అలాంటి మందు కొడితే ఆకు మాడిపోతుంది. పూత పడకుండా ఉండేదాకా సున్నం కలిపేవాడు.

"చూశావటయ్యా, తుత్తంలో ఉన్న రాగి ఇనుముని తినేస్తుంది. మనం కాపలా ఉండాలి" అని నవ్వేవాడు.

ఇక మిగిలిన మందు పారబొయ్యడం ఆయనకి ప్రాణసంకటం. తొట్టి అడుగున ఉన్నదంతా నీళ్ళతో కడిగి మరీ చెట్ల మొదళ్ళలో పోసేవాడు. మా అక్క ఊరుకునేది కాదు.

"కాస్త మిగిలితే నాకూ పొయ్యండి. నా జుట్టూ రాలిపోతోంది" అనేది.

చెట్లు ముసలివయ్యాయి. కాపు తగ్గింది. బావకి గుండె నీరసించింది, నాలుగు అడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. ఆ రోజుల్లోనే మేనకోడలు ఉద్యోగం మానేస్తానని, తోట చేసుకుంటానని వచ్చింది. మంచి ఉద్యోగం, కుర్చీలో కూర్చుని చేసేది. నాకు నచ్చలేదు. బావ పొంగిపోయాడు. పాత చెట్లు తీయించి కొత్త మొక్కలు పెడదామన్నాడు.

"కాపుకొచ్చిన తోట నీ చేతిలో పెడతానమ్మా. మొదటి గంప నేనే మండీకి తీసుకెళ్ళి, ఇది నా కూతురి సరుకని మీ మామయ్య ముందు పెడతా. ఆ తర్వాత నన్ను ఎప్పుడు తీసుకుపోయినా నాకేం పేచీ లేదు" అన్నాడు.

ఆ పిల్ల ఆ మాట మీద ఉద్యోగం వదిలింది. ఆయన ఆ మాట మీద బతుకుతున్నాడు. మిగతా కథంతా ఆ మాట గురించే.

మొక్కలు నేను చెప్పినచోటే కొన్నారు. ఆ నర్సరీ ఆయనా నేనూ ఏళ్ళ తరబడి ఎరిగినవాళ్ళం. ఆయనకి అబద్ధం చెప్పడం రాదు, అందుకే పెద్దగా ఎదగలేదు. గుంతలు తీయించింది బావ. గుంతలోంచి వచ్చిన కిందమట్టి చప్పగా, ఎర్రగా ఉందని పక్కన పడేయించాడు. పాత చెట్ల కింద ఏళ్ళ తరబడి ఆకు రాలి, పేడ పోసి, నల్లగా మెత్తగా తయారైన పైమట్టి ఉంటుంది కదా, దాన్ని గీకించి గంపలకెత్తించి ప్రతి గుంతలోనూ నింపించాడు. పసిపిల్లకి మెత్తని బొంత పరిచినట్టు పరిపించాడు. మంచాన పడాల్సిన మనిషి గట్టు మీద కుర్చీ వేయించుకుని మరీ దగ్గరుండి చేయించాడు.

మొదటి ఏడాది మొక్కలు ఎదగలేదు. వేరు పట్టుకుంటోందిలే అనుకున్నాం. రెండో ఏడు ఆకులు పసుపెక్కాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, వాటి మధ్యంతా వెలిసిపోయింది. బావ అది తెగులన్నాడు. నీలిమందు తనే కలిపి కొట్టించాడు. ఇంకా పసుపెక్కాయి. ఇంకా కొట్టించాడు. పిల్ల ఆకులు కోసి, మీదున్న మందు కడిగి పరీక్షకు పంపింది. ఇనుము తక్కువ, మిగతావన్నీ సరిగానే ఉన్నాయని రాసి పంపారు. ఇనుము కలిపిన మందు కొడితే నాలుగు రోజులు పచ్చదనం తిరిగి, మళ్ళీ మామూలే. కొన్ని కొమ్మలు చివర్నుంచి ఎండుతూ వచ్చాయి.

మూడో ఏడు నాకు కబురొచ్చింది, నర్సరీ ఆయన్ని వెంటబెట్టుకుని రమ్మని. వెళ్ళేసరికి బావ వరండాలో దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన మాట నీరసించింది గానీ పదును తగ్గలేదు.

"రావయ్యా, రా. మొక్కలమ్మావా, వడలిపోయిన తోటకూర కట్టలమ్మావా?" అన్నాడు.

నర్సరీ ఆయన చెప్పులు విడిచి మెట్టు మీదే కూర్చున్నాడు. "అవే మొక్కలు ఇంకో నలుగురికి కూడా ఇచ్చానండి. వాళ్ళవి నా భుజం దాటాయి."

"అంటే నా చేతిలోనే శని ఉందంటావు."

"నేనలా అన్లేదండి."

"అనకపోతే ఏంటి, మొహం మీద రాసి ఉందిగా." బావ నావైపు తిరిగాడు. "నువ్వేం మాట్లాడవేమయ్యా? ఇద్దరి దగ్గరా కమీషన్ తిన్నావా?"

"తింటే అక్క ఈపాటికి కక్కించేది" అన్నాను.

లోపల్నుంచి అక్క, "వాడు మింగింది బయటికొచ్చిన రోజు ఒక్కటి చెప్పండి" అంది.

ఇలాంటి తగాదాలు నాకు కొత్త కాదు. అమ్మినవాడు సరుకు మంచిదంటాడు, కొన్నవాడు చెడిందంటాడు. పైన చూసి మాట్లాడుకుంటే తెల్లవార్లూ మాట్లాడుకోవచ్చు. నేను లేచి పార తీసుకున్నాను.

"బావా, ఒక మొక్క పీకుతాను. నీకు ఇష్టమైనా కాకపోయినా."

"పీకు. ఎలాగూ చచ్చేదే" అన్నాడు, మొహం పక్కకి తిప్పుకుని.

చుట్టూ తవ్వి జాగ్రత్తగా ఎత్తుదామనుకున్నాను. అంత శ్రమ అక్కర్లేకపోయింది. మూడేళ్ళ మొక్క, చేత్తో లాగితే గుంజ ఊడినట్టు ఊడొచ్చింది. వరండా ముందుకి తెచ్చాక పిల్ల నీళ్ళు పోసి వేరు కడిగింది. ఆరోగ్యంగా ఉన్న నిమ్మవేరు వెంట్రుకల కుచ్చులా ఉంటుంది, మట్టిని వదలదు. ఇది అరిగిపోయిన చీపురుకట్టలా ఉంది. పొట్టిగా, లావుగా, నల్లగా, చివర్లు మొద్దుబారి ఉన్నాయి. సన్నవేరు ఒక్కటీ లేదు.

నర్సరీ ఆయన దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. "ఆకు చూసి మనం రోగం పైన ఉందనుకున్నాం. తినే నోరే మూసుకుపోతే ఆకేం చేస్తుంది" అన్నాడు మెల్లిగా. తర్వాత బావవైపు చూసి, "రెండు డబ్బాలు పెడదామండి. రెండిట్లోనూ నా మొక్కలే. ఒక దాంట్లో నా నర్సరీ మట్టి, ఇంకోదాంట్లో మీ మట్టి. మీ కళ్ళముందే ఉంచుకోండి, నీళ్ళు మీరే పొయ్యండి. రెండూ చస్తే నా మొక్కల్లోనే తేడా ఉన్నట్టు. అప్పుడు మీ ఇష్టం" అన్నాడు.

"మూడు పెడదాం" అంది మేనకోడలు. నీళ్ళతొట్టి కోసం తోట చివర గొయ్యి తవ్వుతున్నారప్పుడు. ఆ గోతి అడుగునుంచి ఎర్రమట్టి తెచ్చి మూడో డబ్బా నింపింది. ఎందుకని నేనడిగితే, "ఊరికే మామయ్యా. నువ్వు అడుగు చూస్తావుగా" అంది.

డబ్బాలు వరండాలో గోడవార కూర్చున్నాయి. బావ ఒకే గ్లాసుతో మూడిటికీ నీళ్ళు పోసేవాడు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆయన వాటిని చూస్తూనే కనిపించేవాడు. అక్క వాటిని రెండో కాన్పు, మూడో కాన్పు, నాలుగో కాన్పు అనేది. "పిల్ల పుట్టినప్పుడు ఒక్కరోజు ఇలా కూర్చున్నారా? అప్పుడు తోటలో, ఇప్పుడు డబ్బాలో" అనేది. ఆయన నవ్వేవాడు కాదు.

వానలొచ్చి వెళ్ళేసరికి తేలిపోయింది. నర్సరీ మట్టిలో మొక్క చిగురేసింది. గోతిలోని ఎర్రమట్టిలో మొక్క సన్నగా ఉన్నా ఆకు నిగనిగలాడుతోంది. బావ బంగారం అనుకున్న నల్లమట్టిలో మొక్క మాత్రం పసుపెక్కి, ఉన్నచోటే ఆగిపోయింది. నేను డబ్బాలు బోర్లించాను. బాగున్న రెండిటి వేళ్ళు అల్లుకుపోయి మట్టిముద్ద డబ్బా ఆకారంలోనే నిలబడింది. నల్లమట్టి మాత్రం పొడిపొడిగా నేలమీద రాలిపోయింది. మధ్యలో అదే మొద్దు చీపురు.

నేను జీవితమంతా గంపలో మంచి పైన, చెడు అడుగున చూశాను. ఈ నేల తిరగేసిన గంప. చెడంతా పైనే ఉంది, నల్లగా మెత్తగా, చూడ్డానికి ముచ్చటగా.

పిల్లా నేనూ మట్టి మూటలు కట్టుకుని భూసార పరీక్ష కేంద్రానికి వెళ్ళాం. పైమట్టి, కిందమట్టి, కడిగి ఆరబెట్టిన వేళ్ళు. ఫలితం వచ్చాక అక్కడ పనిచేసే ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టింది.

"తోటకి ఎన్నాళ్ళనుంచి తుత్తం కొడుతున్నారు?" అంది.

"నేను పుట్టకముందునుంచి" అంది పిల్ల.

ఆవిడ తలూపింది. చెట్టుకి రాగి కావలసిందేనట, కూరలో ఉప్పంత. ఆకుమీద కొట్టింది వానకి కారి, రాలిన ఆకుతో కుళ్ళి, మట్టిలో చేరుతుంది. ఎరువులా కరిగిపోదు, పురుగుమందులా విరిగిపోదు. లోహం కదా, చేరినచోటే కూర్చుంటుంది. పైన జానెడు మట్టిని, అందులోనూ నల్లగా ఉన్న మట్టిని పట్టుకుని వదలదు. నేల పులుపెక్కితే, అంటే ఆమ్లం పెరిగితే, వేళ్ళకి మరింత తేలిగ్గా అందుతుంది. మీ నేల బాగా పులుపెక్కిందని కూడా చెప్పింది.

"మరి ఆకు పరీక్షలో రాగి ఎక్కువున్నట్టు రాలేదండీ" అంది పిల్ల.

"రాదమ్మా. నిమ్మవేరు రాగిని తాగి పైకి పెద్దగా పంపదు. తనలోనే దాచుకుంటుంది. తను కాలిపోతూ దాచుకుంటుంది. కొత్త వేరు పుట్టదు, ఉన్నది మొద్దుబారుతుంది. ఇనుము లోపలికి పోనివ్వదు. పైనేమో ఇనుము లేదని ఆకు పసుపెక్కుతుంది. మీరు ఆకుని చూసి వైద్యం చేశారు."

రాగి ఇనుముని తినేస్తుంది, కాపలా ఉండాలి. బావ కత్తి తిప్పుతూ చెప్పిన మాట నాకు ఆ గదిలో వినబడింది.

"పాత చెట్లు ఎలా బతికాయి మరి?" అన్నాను.

"అవి చిన్నప్పుడు నేల శుభ్రంగా ఉంది. రాగి చేరేలోపు వేళ్ళు కిందికి దిగిపోయాయి. మీ కొత్త మొక్కల్ని తెచ్చి సరిగ్గా దాంట్లోనే కూర్చోబెట్టారు."

దారిలో రెండు రకాలుగా లెక్క వేసుకున్నాను. బావకి నిజం చెప్పకుండా మొక్కలే నాసిరకమంటే ఏమవుతుంది? ఆయన మనసు నిలుస్తుంది. నర్సరీ ఆయన పరువు పోతుంది. అంతటితో ఆగదు. బావ వెంటనే ఇంకోచోట మొక్కలు తెప్పించి అవే గుంతల్లో, అదే మెత్తని మట్టి పోసి పెట్టిస్తాడు. ఇంకో మూడేళ్ళు పోతాయి. డబ్బు పోతే నేనో మరొకడో ఇస్తాం. ఆయన దగ్గర ఇంకో మూడేళ్ళు లేవు. అబద్ధం ఏ రకంగా చూసినా గిట్టుబాటు కాలేదు.

పిల్ల బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నువ్వే చెప్పు మామయ్యా. నా నోట వింటే ఆయన తట్టుకోలేడు" అంది.

నేనే చెప్పాను. సుత్తి లేకుండా చెప్పాను, ధర చెప్పినట్టు. అయిపోయాక బావ తన గోళ్ళు చూసుకున్నాడు.

"తొట్టి కడిగి పోసిన నీళ్ళు కూడానా?" అన్నాడు.

"అవి కూడా."

"వేరుకి బలమనుకున్నానయ్యా."

అక్క గుమ్మంలో నిలబడింది.

"మచ్చున్న కాయని పక్కకి తోసేసింది నువ్వే కదా" అన్నాడు బావ. కోపంగా కాదు, లెక్కలో మర్చిపోయిన పద్దు గుర్తుచేసినట్టు.

"నేను తొయ్యకపోతే నన్ను తోసేవాళ్ళు ఉన్నారు బావా."

"అదీ నిజమే." దిండు సర్దుకున్నాడు. "దాన్ని బయటికి తీసే మందేదైనా ఉందా?"

"లేదట. సున్నం వేసి పులుపు తగ్గిస్తే కాస్త అణుగుతుందట. ముసలి చెట్లకైతే అది సరిపోతుందేమో. పసిమొక్కకి, ఇంత చేరాక, నమ్మకం లేదంది ఆవిడ. పైమట్టి ఎత్తి పారేస్తే కిందది బాగానే ఉంది. కానీ ఏమీ పండని చోటే పొయ్యాలట. ఇంకొకళ్ళ పొలంలో పోస్తే వాళ్ళకీ ఇదే గతి."

"ఏమీ పండని చోటు" అని ఆ మాటే తిరిగి అన్నాడు.

అలాంటి చోటు నా దగ్గర ఉంది. మండీ వెనకాల కొత్త గోడౌన్ కట్టిస్తున్నాను. పల్లంలో ఉంది, మెరక చెయ్యాలి, పైన కాంక్రీటు వేస్తాను. అక్కడ గడ్డి కూడా మొలవక్కర్లేదు. ఎక్కడో ఒకచోట నాకు మట్టి కొనక తప్పదు. ఈ మాట చెబుతుంటే నాకే అదోలా అనిపించింది. కానీ చెప్పకపోతే ఆ మట్టి ఎక్కడికీ కదలదు.

బావ నన్ను చూశాడు. "నీ బుర్ర చావుదగ్గర కూడా బేరమాడుతుందయ్యా" అన్నాడు. "సరే. తీసుకుపో."

మట్టి ఎత్తడం యంత్రంతో అయ్యింది. ముందు మొక్కలు పీకించారు. బావ గట్టు మీద అదే కుర్చీలో కూర్చున్నాడు, వద్దన్నా వినలేదు. యంత్రం పళ్ళు పైపొరని గీకుతుంటే నల్లమట్టి అప్పటికీ కమ్మగానే వాసనొచ్చింది. ఆకుల ఎరువు, పేడ, ఆయన జీవితమంతా పోసిందీ పోసినట్టే ట్రాక్టర్లకెక్కింది. మందు కలిపే తొట్టి దగ్గర మట్టి తీస్తున్నప్పుడు మాత్రం తల తిప్పుకున్నాడు. సాయంత్రానికి తోట గొరిగిన తలలా మిగిలింది. ఎర్రగా, గట్టిగా, సారం లేకుండా.

పిల్ల ఆ ఎర్రనేలలో సున్నం చల్లించి, పచ్చిరొట్ట విత్తించింది. దాన్ని దున్ని, మళ్ళీ విత్తి, మళ్ళీ దున్ని, మట్టికి కాస్త ప్రాణం వచ్చాకే మొక్కలు పెడతానంది. అప్పుడు పెట్టినవి కాపుకి రావాలంటే ఇంకెన్నాళ్ళో బావకి మాకంటే బాగా తెలుసు. ఆయన ఆ లెక్క ఎప్పుడూ పైకి వెయ్యలేదు. పిల్ల పగలు నా మండీలో పద్దులు రాస్తోంది, మిగిలిన పూట తోటలో ఉంటోంది. మళ్ళీ కుర్చీ ఉద్యోగమే, పాతదానంత మంచిది కాదు.

గోడౌన్ పూర్తయ్యాక ఒకరోజు బావ చూస్తానని వచ్చాడు. పిల్ల చెయ్యి పట్టుకుని నడిపించింది. గచ్చు మీద నిలబడి చుట్టూ చూశాడు.

"నా మట్టి ఎక్కడ్నుంచి ఉంది?"

"ఇక్కడ్నుంచి ఆ గోడదాకా" అన్నాను.

కాలితో గచ్చుని ఒకసారి రుద్దాడు. అప్పుడు గమనించాను, ఆయన గోళ్ళు మొదట్లో తెల్లగా వస్తున్నాయి. నీలం చివర్లకి జరిగిపోయింది. ఇంకోసారి కత్తిరిస్తే అదీ ఉండదు.

అప్పుడే దిగిన గంపలు పక్కన వరసగా ఉన్నాయి. బావ దగ్గరున్న గంపలోంచి ఒక కాయ తీసి చూశాడు. దాన్ని పక్కన పెట్టి, నేను చేసినట్టే, మోచేతిదాకా చెయ్యి దించాడు. ఊపిరి అందక కాసేపు ఆగాడు. అడుగునుంచి ఒకటి తీసి వెలుతురులో తిప్పాడు.

"ఎవరివి?"

"కొత్తగా వస్తున్నాడు. కుర్రాడు. వాళ్ళ తోట లేత తోట."

"ఒక్క మచ్చ లేదు."

"లేదు."

"మందు బాగా కొడుతున్నాడు." కాయని తిరిగి అడుగునే పెట్టాడు. "మట్టి సంగతి చెప్పావా?"

"చెప్పాను. నీలిగోళ్ళాయన తోట పేరు చెప్పి మరీ చెప్పాను. కొట్టకపోతే నువ్వే పక్కకి తోస్తావు కదా అన్నాడు."

"తోస్తావా?"

బయట లారీ హారన్ మోగింది. కొనేవాళ్ళు టీ గ్లాసులు పక్కన పెట్టి లేచి వస్తున్నారు. అందరూ ఆ కుర్రాడి గంపల వైపే నడుస్తున్నారు. బావ పక్కకి జరిగి వాళ్ళకి దారిచ్చాడు.